శూన్యం వేరు, సున్న వేరు

‘శూన్యం’ అన్న మాటను మేము చిన్ననాడు రెండు చోట్ల నేర్చుకున్నాము. లెక్కల తరగతిలో అది సున్న. తెలుగు వాచకంలో అది ఏమీ లేకపోవడం. రెండూ ఒకటేనని నమ్మి, ఆ నమ్మకంతోనే కళాశాలలో అడుగుపెట్టాము. అవి ఒకటి కావని మాకు బోధపరచినది గ్రంథాలయంలోని ఏ పుస్తకమూ కాదు. పాత రిఫ్రిజిరేటర్ నుంచి ఊడదీసిన, నల్లరంగు పెచ్చులు లేచిపోయిన, ఒక చిన్న కంప్రెసర్. వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి పంపవలసినదిగా పూర్వవిద్యార్థులమైన మమ్ములను సంపాదకవర్గం వారు కోరినప్పుడు, మాకు మొట్టమొదట జ్ఞప్తికి వచ్చినది ఆ యంత్రమే.

మేము ముగ్గురము. 1982లో బి.యస్సీ. తుది సంవత్సరం చదువుతున్నవారము. ఇద్దరము తెలుగు మాధ్యమంలోను, ఒకడు ఉర్దూ మాధ్యమంలోను పాఠశాల చదువు ముగించి వచ్చాము. ప్రయోగశాలలో ముగ్గురికీ ఒకే బల్ల దొరకడం వల్ల స్నేహం కుదిరింది. రికార్డు పుస్తకంలో బొమ్మలు ఒకరు గీస్తే, లెక్కలు ఒకరు కట్టేవారు. పరికరాలను విప్పి బిగించే పని మాత్రం ఎప్పుడూ ఆ మూడవవాడిదే. వాడు పానా పట్టుకునే తీరు చూసి ‘ఇంత ఒడుపు ఎక్కడిది రా?’ అని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. తండ్రి ఏమి చేస్తారని అడిగితే ‘వ్యాపారం’ అనేవాడు. అంతకు మించి మేము అడగలేదు, వాడు చెప్పలేదు.

ఆ జనవరిలో కళాశాలలో విజ్ఞాన ప్రదర్శన జరుపుటకు నిర్ణయించారు. ప్రతి బల్లవారూ ఒక ప్రయోగం చేసి చూపవలె. మా వంతుకు శూన్యం వచ్చింది. గంటాకారపు గాజుజాడీలో విద్యుత్ గంటను వ్రేలాడదీసి, గాలిని తీసివేస్తూ పోతే మ్రోత క్షీణించడం ఒకటి. నిప్పు లేకుండా నీటిని మరిగించడం రెండవది. రెండూ పాఠ్యగ్రంథంలో ఉన్నవే. కాని మా ప్రయోగశాలలోని చేతిపంపు అప్పటికే వృద్ధాప్యంలో పడింది. దాని తోలు వాషర్లు ఎండి, బీటలు వారి, ఎంత త్రిప్పినా లోపలికి ఎంత గాలి పోతున్నదో బయటికీ అంతే వస్తున్నది. క్రొత్త పంపు కొనే సంగతి వచ్చే యేడాది చూడవలసినదే. వారం రోజులు మిగిలి ఉండగా, ప్రయోగం మానుకుని ఏదైనా పటం గీసి గోడకు తగిలిద్దామా అన్న ఆలోచనకు వచ్చాము.

అప్పుడు మా మూడవవాడు చాలాసేపు తల వంచుకుని కూర్చుని, ‘మా అబ్బాజాన్ దగ్గర ఒక యంత్రం ఉంది’ అన్నాడు.

ఆ సాయంత్రం వాడు మమ్ములను బజారు వెనుక సందులోకి తీసుకువెళ్ళాడు. రేకులు కప్పిన చిన్న దుకాణం. గోడవారగా తలుపులు ఊడిన రిఫ్రిజిరేటర్లు. నేల మీద రాగిపైపుల చుట్టలు. మూలన వెల్డింగు సరంజామా. మోచేతుల దాకా నూనె మరకలతో ఉన్న ఒక పెద్దాయన మమ్ములను చూసి లేచి, చేతులు గుడ్డకు తుడుచుకుని, ‘ఆవో బేటా’ అన్నారు. బజారులో అందరూ ఆయనను ఉస్తాద్ అంటారట. మేము చాచా అని పిలిచాము. మూడేళ్ళుగా వాడు ‘వ్యాపారం’ అంటున్నది ఇదేనని అప్పుడు తెలిసింది. వాని ముఖం చూసే ధైర్యం మాకు లేకపోయింది. మా ముఖాలు చూసే ధైర్యం వానికీ లేకపోయింది. వాడు దాచవలసి వచ్చిందంటే, దాచవలసినదేనన్న అభిప్రాయం మా మాటలలో ఎక్కడో వానికి కనబడి ఉండాలి. ఆ సంగతి మాకు తరువాత తెలిసి వచ్చింది.

ఉస్తాద్ చూపిన యంత్రం బోర్లించిన కుండంత ఉంది. ఎనిమిదో వంతు అశ్వశక్తి గల మోటారు, దానికి తగిలించిన చిన్న పిస్టను, రెండూ ఆ ఇనుపకుండలోనే, అడుగున నూనె, కుండ అంతా అతుకు కనపడకుండా మూసివేయబడి ఉంది. బయటికి మూడు రాగిగొట్టాలు మాత్రం వచ్చి ఉన్నాయి. ఒకటి గాలిని లోనికి తీసుకునేది, ఒకటి బయటికి త్రోసేది, మూడవది శీతల వాయువు నింపుటకు ఉద్దేశించినది. దాని కొన మూసి ఉంది. చెడిపోయిన రిఫ్రిజిరేటర్ నుంచి దీనిని కోసి తీసి, ఆయన గాలియంత్రంగా వాడుకుంటున్నారు. పైపులలో చిక్కుకున్న దుమ్మును ఊది శుభ్రపరచడానికి, సందులోని పిల్లల సైకిళ్ళకు గాలి కొట్టడానికి అది పనికి వస్తున్నది. రబ్బరుగొట్టం త్రోసే నోటికి తగిలించి ఉంది.

‘మాకు గాలి కొట్టేది కాదు చాచా, గాలి తీసేది కావాలి’ అన్నాము.

ఆయన నవ్వి, గొట్టాన్ని ఒక నోటి నుంచి ఊడదీసి రెండవ నోటికి తగిలించారు. అంతే! మీట నొక్కి, మా ముగ్గురి బొటనవ్రేళ్ళనూ వంతులవారీగా గొట్టం చివర పెట్టించారు. వ్రేలి చర్మం లోపలికి పొంగింది. ‘ఏ ఖీంచ్తా, వో ఫేంక్తా’ అన్నారు. ఇది లాగుతుంది, అది విసురుతుంది. గాలిని కూర్చే యంత్రమూ, శూన్యం చేసే యంత్రమూ రెండు కావు. ఏ నోటి దగ్గర మనం నిలబడ్డామన్నదే భేదం. మూడేళ్ళ చదువులో మాకు ఈ మాట ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు.

శూన్యం ఆయనకు క్రొత్త కాదు. ఒక రిఫ్రిజిరేటర్‌ను బాగుచేసిన తరువాత అందులో వాయువు నింపే ముందు, పైపులలోని గాలినంతా ఇలాగే లాగివేయాలని చెప్పారు. గాలితో పాటు తేమ కొంచెం మిగిలినా, వెంట్రుకంత సన్నని కేపిలరీ గొట్టం చివర అది మంచుగా గడ్డకట్టి దారి మూసివేస్తుందట. అందుకని అరగంట సేపు లాగుతారు. ఎంత లాగిందీ అంకెలో చెప్పలేరు గాని, యంత్రం చప్పుడు మారడాన్ని బట్టి చెవితో పోల్చుకుంటారు. గాలి ఉన్నంతసేపు త్రోసే నోటి దగ్గర టకటక వినబడుతుంది; గాలి తరిగిన కొద్దీ అది సన్నగిల్లుతుంది.

మర్నాడు కంప్రెసర్‌ను సైకిలు మీద కట్టుకుని కళాశాలకు తెచ్చాము. మా భౌతికశాస్త్ర ఉపన్యాసకులు దానిని చుట్టూ తిరిగి చూశారు. మేము ఉస్తాద్ చెప్పినట్లే ‘ఇది లాగుతుంది సార్’ అన్నాము. ‘లాగడం అన్నది మన భాషలోని సౌకర్యం. ప్రకృతిలో గాలిని లాగేది ఏదీ లేదు’ అన్నారు వారు. పిస్టను వెనుకకు జరిగినప్పుడు సిలిండరులో చోటు పెరుగుతుంది. లోపలి ఒత్తిడి తగ్గుతుంది. జాడీలోని గాలి తన ఒత్తిడితో పలుచని ఉక్కురేకు కవాటాన్ని తానే త్రోసుకుని ఆ చోటులోకి వస్తుంది. పిస్టను ముందుకు వచ్చినప్పుడు ఆ కవాటం మూసుకుని, రెండవ కవాటం తెరుచుకుని, వచ్చిన గాలి బయటికి పోతుంది. మా బొటనవ్రేలిని గొట్టంలోకి నొక్కినది యంత్రం కాదు. మా నెత్తిన ఉన్న వాతావరణం. ఇటలీలో టారిచెల్లీ 1643లో పాదరసపు గొట్టంతో చూపినది ఈ వాతావరణపు బరువునే. సముద్రమట్టంలో అది 76 సెంటీమీటర్ల పాదరసానికి సమానం. చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు ఒక కిలోగ్రాము.

ఆ బరువు ఎంతటిదో మాకు ఆనాడే అనుభవానికి వచ్చింది. గాజుజాడీ పగిలిపోతే మరొకటి లేదు కనుక, ముందుగా క్యాంటీను నుంచి తెచ్చిన పదిహేను కిలోల నూనె డబ్బాతో పరీక్షించాము. చతురస్రపు డబ్బా, ఒక్కొక్క ప్రక్క సుమారు ఎనిమిది వందల చదరపు సెంటీమీటర్లు. మూతికి రబ్బరు బిరడా బిగించి మీట నొక్కాము. అరనిమిషం ఏమీ జరగలేదు. తరువాత ఒక ప్రక్క లోపలికి వంగింది. మరుక్షణం వరండా దద్దరిల్లే చప్పుడుతో డబ్బా మొత్తం పిడికిట్లో కాగితంలా నలిగిపోయింది. ప్రక్కగదిలోని రసాయనశాస్త్రం వారు పరుగెత్తుకొచ్చారు. మా ఉపన్యాసకులు మాత్రం చిరునవ్వు నవ్వి, జర్మనీలోని మాగ్డెబర్గ్ నగరాధ్యక్షుడు ఆటో ఫాన్ గెరికె సుమారు మూడు వందల ముప్పై ఏళ్ళ క్రిందట గాలి తీసిన మొదటి రాగిగోళం కూడా ఇలాగే పెద్ద చప్పుడుతో నలిగిపోయిందని చెప్పారు. ఆ తరువాతనే ఆయన గట్టి అర్ధగోళాలు చేయించి, ఒకదానికొకటి ఆనించి, లోని గాలి తీసి, అటు ఎనిమిది ఇటు ఎనిమిది గుర్రాలను కట్టి లాగించి లోకాన్ని ఆశ్చర్యపరచాడు. చదునైన గోడ గల పాత్ర శూన్యానికి పనికిరాదనీ, గుండ్రని మందపాటి పాత్ర మాత్రమే నిలుస్తుందనీ ఆ నలిగిన డబ్బా మాకు బోధించింది. ఆ డబ్బానే ప్రదర్శనలో పెట్టాము.

జాడీతో చేసిన మొదటి ప్రయత్నం విఫలమైంది. గంట యథాప్రకారం మ్రోగుతూనే ఉంది. ఎక్కడ గాలి దూరుతున్నదో వెదికి వెదికి అలసిపోయాము. తీరా చూస్తే మేము వాడిన పలుచని రబ్బరుగొట్టమే బయటి గాలి ఒత్తిడికి అణగి, పట్టీలా చదునై, తన దారి తానే మూసుకున్నది. మందపాటి గోడ గల గొట్టం తగిలించిన తరువాత పని సాగింది. జాడీ అంచుకు, క్రింది పళ్ళానికి మధ్య గ్రీజు దట్టంగా పూశాము. జాడీకీ యంత్రానికీ నడుమ ఒక గాజుకుళాయి పెట్టాము. మీట ఆపకముందే దానిని మూయాలి, లేకుంటే యంత్రంలోని కవాటాల గుండా గాలి వెనుకకు తన్నుతుంది. త్రోసే నోటి నుంచి నూనె తుంపరలు వస్తాయి కనుక అక్కడ ఒక సీసా పెట్టాము. ఉస్తాద్ మరొక హెచ్చరిక చేశారు: ‘దీనిని ఎక్కువసేపు నడపవద్దు బేటా. దీని మోటారును చల్లబరిచేది తిరిగి వచ్చే వాయువే. వాయువు లేనిచోట వేడెక్కుతుంది. అయిదు నిమిషాలు నడిపితే పది నిమిషాలు పడుకోనివ్వండి.’

ప్రదర్శన మొదటి రోజు వచ్చింది. మా బల్ల మీద పెద్ద అక్షరాలతో, తెలుగులోను ఉర్దూలోను, ‘సంపూర్ణ శూన్యం’ అని వ్రాసి తగిలించాము. ఉర్దూలో శూన్యానికి ‘ఖలా’ అని మా మిత్రుడు వ్రాశాడు. మీట నొక్కాము. గంట కొట్టుకుంటున్నట్లు కంటికి కనబడుతూనే ఉంది; మ్రోత మాత్రం దూరమై, దూరమై, దోమ పాటంత అయింది. చూసినవారు చప్పట్లు కొట్టారు. కాని ఆ దోమ పాట పూర్తిగా పోలేదు. దానిని మేము వినీ విననట్లు ఊరుకున్నాము.

తరువాత నీరు. గదిలోని నీరే, 26 డిగ్రీల వేడిమి గలది, చిన్న గాజుపాత్రలో జాడీలో పెట్టాము. రెండు నిమిషాలలో నీటిలో చిన్నచిన్న బుడగలు లేచాయి. ‘మరుగుతున్నది, మరుగుతున్నది’ అని మేము కేకలు వేశాము. జనం దగ్గరికి జరిగారు. అంతలో బుడగలు ఆగిపోయాయి. నీరు అద్దంలా నిశ్చలమైంది. మరి అయిదు నిమిషాలు గడిచినా కదలలేదు. ఉపన్యాసకులు వెనుక నుంచి, ‘అది మరగడం కాదు, నీటిలో కరిగి ఉన్న గాలి బయటికి వచ్చింది, అంతే’ అన్నారు. జనం మెల్లగా ప్రక్క బల్లకు తరలిపోయారు. వారు మా కాగితం వంక చూసి, ‘సంపూర్ణ శూన్యం అని వ్రాశారు. ఎంత మిగిలిందో కొలిచారా?’ అని అడిగారు.

మేము కొలవలేదు. కొలవవలసి ఉంటుందని కూడా మాకు తోచలేదు. శూన్యాన్ని కొలవడమేమిటి?

ఆ సాయంత్రం అందరూ వెళ్ళిపోయిన తరువాత కొలిచాము. 80 సెంటీమీటర్లకు మించిన పొడవు గల గాజుగొట్టాన్ని నిలువుగా నిలిపి, క్రింది కొనను పాదరసంలో ముంచి, పై కొనను జాడీకి కలిపాము. యంత్రం నడుస్తున్న కొద్దీ పాదరసం ఎగబ్రాకింది. 50, 60, 65, 69, చివరకు 70.2 సెంటీమీటర్ల దగ్గర నిలిచి, ఇక కదలనన్నది. మా ఊరు సముద్రమట్టానికి ఎత్తున ఉన్నది కనుక ప్రయోగశాల గోడకున్న భారమితి ఆనాడు 73.4 చూపింది. తీసివేయగా మిగిలినది 3.2 సెంటీమీటర్లు. నూటికి నాలుగు వంతులకు పైగా గాలి ఇంకా జాడీలోనే ఉన్నది!

ఆ నాలుగు వంతులు ఎందుకు పోవో ఉపన్యాసకులు నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పారు. పిస్టను ఎంత ముందుకు వచ్చినా సిలిండరు మూతను తాకదు. తాకితే యంత్రం విరుగుతుంది. ఆ సందులో కొంచెం గాలి ఎప్పుడూ మిగిలిపోతుంది. అది బయటి వాతావరణమంత ఒత్తిడి గలది. పిస్టను వెనుకకు జరిగినప్పుడు ముందుగా ఈ మిగులుగాలే వ్యాకోచించి సిలిండరును నింపుతుంది. ఉదాహరణకు, సందు మొత్తం చోటులో ఇరవై అయిదో వంతు అనుకుంటే, ఆ గాలి పరుచుకున్నప్పుడు దాని ఒత్తిడి వాతావరణంలో ఇరవై అయిదో వంతు, అనగా మా ఊరిలో 2.9 సెంటీమీటర్లు. జాడీలోని ఒత్తిడి కూడా అంతకు దిగిన తరువాత, కవాటాన్ని త్రోసుకుని వచ్చే కారణం దానికి లేదు. యంత్రం ఎంతసేపు కొట్టుకున్నా తన మిగులును తానే నొక్కుతూ, తానే విప్పుతూ ఉంటుంది. గాలిని కూర్చే పనిలో ఆ సందు లోపంగా కంటికి కనబడదు. శూన్యం చేసే పనిలో అదే హద్దు అవుతుంది.

తరువాత వారు నీటి ఆవిరి ఒత్తిడుల పట్టిక తీయించారు. నీరు మరగాలంటే దాని ఆవిరి ఒత్తిడి పైనున్న ఒత్తిడితో సమానం కావాలి. 26 డిగ్రీల నీటి ఆవిరి ఒత్తిడి 25 మిల్లీమీటర్లు మాత్రమే. మా జాడీలో మిగిలినది 32 మిల్లీమీటర్లు. నీరు మరగకపోవడంలో నీటి తప్పు లేదు. 40 డిగ్రీల దగ్గర ఆవిరి ఒత్తిడి 55 మిల్లీమీటర్లు. అంటే గోరువెచ్చని నీరయితే మరిగి తీరుతుంది. పగలు మమ్ములను నలుగురిలో నవ్వులపాలు చేసిన ఆ 3.2 అనే అంకె, రాత్రి మాకు దారి చూపింది. మిగిలినదానిని ఒప్పుకోనంతసేపు మాకు ఏమీ తెలియలేదు. ఒప్పుకున్న తరువాత రేపు ఏమి జరుగుతుందో ముందుగానే చెప్పగలిగాము.

ఇంటికి పోతూ దుకాణం దగ్గర ఆగి ఈ సంగతి ఉస్తాద్‌కు చెప్పాము. ఆయన ఆశ్చర్యపడలేదు. ‘ఖలా హై బేటా, సిఫర్ నహీఁ’ అన్నారు. శూన్యమైతే ఉంది నాయనా, సున్న మాత్రం లేదు.

తెలుగువారమైన మేమిద్దరమూ ఆ మాట దగ్గర ఆగిపోయాము. మాకు ఒకే మాటలో కలగాపులగమైపోయిన రెండు భావాలకు ఆయన భాషలో రెండు మాటలు ఉన్నాయి. ఖాళీ చోటు ఖలా, అంకె సిఫర్. ఖలా గురించి పదవ శతాబ్దపు తత్త్వవేత్త అల్ ఫారాబీ ఒక చిన్న గ్రంథమే వ్రాశాడనీ, గాలికి తనకు దొరికిన చోటునంతా వ్యాపించే గుణం ఉన్నదని అందులో వాదించాడనీ మేము తరువాత చదివాము. పిస్టను సందులోని మా మిగులుగాలి చేసినది అదే కదా! ఇక సిఫర్ కథ మరీ విచిత్రమైనది. బ్రహ్మగుప్తుడు 628లో సున్నతో చేసే గణితానికి సూత్రాలు వ్రాశాడు. ఆ గణితం అరబ్బుల దగ్గరికి చేరినప్పుడు, ‘శూన్యం’ అన్న సంస్కృత పదానికి ‘ఖాళీ’ అని అర్థమిచ్చే ‘సిఫ్ర్’ అన్న తమ మాటను వారు పెట్టుకున్నారు. మా బల్ల మీది రెండు భాషలూ ఏనాడో ఒకదానినొకటి పలకరించుకున్నాయి. మేమే ఆలస్యంగా పరిచయమయ్యాము.

రెండవ రోజు ఉదయం పాత కాగితం తీసివేసి క్రొత్తది తగిలించాము. ‘శూన్యం: ఇంకా మిగిలి ఉన్న ఒత్తిడి 3.2 సెంటీమీటర్లు’ అని వ్రాశాము. గంట మ్రోత పూర్తిగా ఎందుకు పోదో కూడా దాని క్రింద వ్రాశాము: మిగిలిన గాలి ఒక కారణం, గంటను పట్టి ఉన్న తీగల గుండా కదలిక పళ్ళానికి చేరడం మరొక కారణం. ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ 1660లో ప్రకటించిన గ్రంథంలో, గాలి తీసిన పాత్రలో గడియారాన్ని సన్నని దారంతో వ్రేలాడదీయడంలోని రహస్యం అదేనని అప్పుడు అర్థమైంది. ఇక అడుగున ‘యంత్రం ఇచ్చినవారు’ అన్న పంక్తి ఖాళీగా ఉంది. మా మిత్రుడు కలం తీసుకుని కొంతసేపు నిలబడ్డాడు. తరువాత ‘మా తండ్రిగారు, రిఫ్రిజిరేటర్ మెకానిక్’ అని ముందు ఉర్దూలోను, తరువాత తెలుగులోను వ్రాశాడు. ఆ తెలుగు అక్షరాలు వంకరగా వచ్చాయి. మేము సరిదిద్దలేదు.

మధ్యాహ్నం ఉస్తాద్ వచ్చారు. ఉతికిన బట్టలు కట్టుకుని, గేటు దగ్గర చాలాసేపు నిలబడిపోయారట. ఉపన్యాసకులే వెళ్ళి, ‘రండి ఉస్తాద్ గారూ, మీ యంత్రం లేకుంటే ఈ గది లేదు’ అని చేయి పట్టుకుని లోనికి తీసుకువచ్చారు. మేము 40 డిగ్రీల నీటిని చిన్న పాత్రలో పోసి, అందులో ఉష్ణమాపకం ఉంచి, జాడీ బోర్లించాము. ఆవిరి యంత్రంలోని నూనెను పాడుచేయకుండా నడుమ కాల్షియం క్లోరైడు నింపిన సీసా ఒకటి పెట్టాము. అదీ ఆయన పట్టుదల వల్లనే. మీట నొక్కాము. పాదరసం లేచింది. మొదట కరిగిన గాలి బుడగలు వచ్చి పోయాయి. ఈసారి మేము కేకలు వేయలేదు. నిమిషం తరువాత నీరు అడుగు నుంచి పెద్దపెద్ద బుడగలతో తెర్లింది. పొయ్యి మీది నీరు మరిగినట్లే మరిగింది.

అంతకంటె వింత ఉష్ణమాపకంలో జరిగింది. మరుగుతున్న కొద్దీ నీరు చల్లబడింది! 40 నుంచి 38, 36, 34. ఆవిరి కావడానికి కావలసిన వేడిని నీరు తనలో నుంచే ఇచ్చుకున్నది. 33 దాటిన తరువాత మరగడం ఆగింది, మా 3.2 అంకె అక్కడ కూడా తన హద్దు గీసింది. ఉస్తాద్ వంగి చూసి, ‘అరే, ఇదే కదా ఫ్రిజ్!’ అన్నారు. ఒక్క క్షణం మాకు అర్థం కాలేదు. అర్థమైన తరువాత ఉపన్యాసకులతో సహా అందరమూ మౌనంగా ఉండిపోయాము. రిఫ్రిజిరేటర్‌లో ఆ యంత్రం ఏళ్ళ తరబడి చేసినది అదే పని: శీతల ద్రవం పై నుంచి ఆవిరిని తీసివేసి, ఒత్తిడి తగ్గించి, ద్రవాన్ని చల్లని చోటనే మరిగించి, తిన్న వేడిని వెనుకవైపు విసరివేయడం. మేము దానిచేత క్రొత్త పని చేయించామని గర్వపడుతున్నాము. అది తన పాత పనినే మా కళ్ళెదుట చేసింది.

మా ప్రయోగానికి బహుమతి రాలేదు. ఆ సంగతి వెంటనే మరిచిపోయాము. ఆ తరువాత సాయంత్రాలలో మేము ముగ్గురమూ ఆ రేకుల దుకాణంలోనే చదువుకునేవారము. ఉస్తాద్ ఇప్పుడు లేరు. తండ్రి వృత్తి పేరు చెప్పడానికి మా మిత్రుడు మరెన్నడూ తడుముకోలేదు.

ఈ కథ చదివి ఇటువంటి ప్రయత్నం చేయదలచిన విద్యార్థులకు కొన్ని మాటలు చెప్పడం మా విధి. ఆ రోజుల్లో అందరూ చేసినట్లే ఉస్తాద్ కూడా పాత రిఫ్రిజిరేటర్ పైపు కోసి లోని వాయువును పెరటిలోకి వదిలివేశారు. అటువంటి క్లోరోఫ్లోరోకార్బన్ వాయువులు ఆకాశంలోని ఓజోన్ పొరను దెబ్బతీస్తాయని 1974లోనే శాస్త్రజ్ఞులు హెచ్చరించి ఉన్నా, మా సందుకు ఆ కబురు చేరలేదు. 1987లో మాంట్రియల్ ఒప్పందం జరిగింది. దాని ప్రకారం 2010 నుంచి మనవంటి దేశాలలో కూడా వాటి వాడుక నిలిచిపోయింది. ఇప్పటి రిఫ్రిజిరేటర్లు అనేకములలో ఐసోబ్యూటేన్ ఉంటుంది. అది అంటుకునే వాయువు. కనుక పైపులు కోసే పని ఎరిగినవారే, వాయువును పట్టి భద్రపరచే సాధనంతో చేయాలి. పాదరసపు ఆవిరి విషం. ముల్లు గల శూన్యమాపకం చాలును. గాజుజాడీని ముందుగా పగుళ్ళు లేకుండా పరీక్షించాలి. దాని చుట్టూ తీగవల ఉంచాలి. కళ్ళకు అద్దాలు పెట్టుకోవాలి. విద్యుత్ తీగల విషయం వేరుగా చెప్పనక్కరలేదు.

ఇవన్నీ జాగ్రత్తలు. అసలు చెప్పదలచినది మరొకటి. నలభై యేళ్ళకు పైగా గడిచినవి. మేము ముగ్గురమూ మూడు ఊళ్ళలో మూడు ఉద్యోగాలు చేసి విశ్రాంతి తీసుకున్నాము. ఏ పని అయినా పూర్తయిందని ఎవరైనా మాతో అన్నప్పుడు, మేము అడిగే మొదటి ప్రశ్న ఈనాటికీ ఆ సాయంత్రం మా ఉపన్యాసకులు అడిగినదే: ఎంత మిగిలింది? మిగులు లేని పని ఏదీ మా అనుభవంలో లేదు. మిగులును అంకెలో వ్రాసి పెట్టినవాడికి మరునాడు నీరు మరిగింది. సంపూర్ణమని కాగితం తగిలించినవాడికి మరగలేదు. మా బల్ల దగ్గర ఇప్పుడు కూర్చున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మేము ఇవ్వగలిగినది ఈ ఒక్క అంకె మాత్రమే: 3.2 సెంటీమీటర్లు.